తెల్ల జాక్ మీద పసుపు మరక

మా ఇంట్లో అద్దం పక్కనున్న మేకుకు ఒక పతకం వేలాడుతుంటుంది. చుట్టాలు వచ్చినా, పక్కింటివాళ్ళు వచ్చినా, కరెంటు బిల్లు కొట్టే అతను వచ్చినా దాని ముందు ఒక్క నిమిషం ఆగుతారు. "గిది బంగారందేనా?" అని అడుగుతారు. మా అమ్మ మాత్రం ఇన్నేళ్ళలో దాన్ని తనంతట తానుగా ఒక్కరికంటే ఒక్కరికి చూపించలేదు. ఎవరైనా చేత్తో పట్టుకోబోతే "చాయ్ తాగుతవా?" అని మాట మార్చేస్తుంది. దీనివల్ల అమ్మకు వాడకట్టులో మంచి పేరే వచ్చింది. "బిడ్డ దేశంలనే ఫస్టొచ్చినా తల్లికి జరంత గర్వం లేదు సూడు" అంటారు. నేను వింటూ ఊరుకుంటాను. ఆ పతకం ఎట్లా వచ్చిందో అమ్మకు తెలుసు, నాకు తెలుసు. ఇంకొకామెకు కూడా తెలుసని మొన్ననే తెలిసింది. తెలిసినప్పటినుంచి అన్నం సహించడం లేదు. అందుకే రాస్తున్నాను.

నేను ఆడిన ఆట పేరు లాన్ బౌల్స్. ఆర్మూర్‌లో ఎవరికైనా ఈ ఆట గురించి పూర్తిగా అర్థమయ్యేలా చెప్పి, మళ్ళీ అన్నం వేళకు ఇంటికి చేరడం అయ్యే పని కాదు. అయినా ప్రయత్నిస్తాను. నున్నగా కత్తిరించిన పచ్చిక ఉంటుంది. ముందు ఒక చిన్న తెల్ల బంతిని దొర్లిస్తారు, దాన్ని జాక్ అంటారు. తర్వాత ఇద్దరు ఆటగాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తలా నాలుగు పెద్ద బంతులు దొర్లిస్తారు. ఎవరి బంతి జాక్‌కు దగ్గరగా ఆగితే పాయింటు వాళ్ళది. ముందుగా ఇరవై ఒకటి ఎవరికి వస్తే వాళ్ళు గెలిచినట్టు. "ఇంతేనా?" అంటారు అందరూ. ఇంతే. మా మేనమామైతే మొహం మీదే అనేశాడు: "ఉరుకుడు లేదు, దుంకుడు లేదు, గిదేం ఆటనే? గోళీలాటకు గింత పెద్ద పేరా?" ఆ రోజు నుంచి వాడకట్టు పిల్లలకు నేను గోళీల అక్కనయ్యాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ మాటకు మేనమామతో నెల రోజులు మాట్లాడలేదు.

గోళీలాట కాదు మరి. ఆ పెద్ద బంతులు నిజానికి గుండ్రంగా ఉండవు. ఒక పక్క కొంచెం చెక్కేసి ఉంటాయి. తిన్నగా వెళ్తున్నట్టే వెళ్ళి, వేగం తగ్గేకొద్దీ ఒక పక్కకు వంగుతాయి. ఎంత వంగుతుందో ముందే లెక్క వేసి పక్కకు గురిపెట్టాలి. ఇంకొక్క నియమం ఉంది, నా బాధంతా దాని మీదే కాబట్టి అది కూడా చెప్పాలి. పచ్చిక చివర ఒక చిన్న గుంట ఉంటుంది. బంతి అందులో పడితే ఇక లెక్కలోకి రాదు. కానీ పడేముందు జాక్‌ను తాకి ఉంటే మాత్రం గుంటలో ఉన్నా లెక్కలోకి వస్తుంది. అట్లా తాకిన బంతి మీద, ఆట లెక్క చూస్తూ పక్కన నిలబడే మార్కర్ సుద్దముక్కతో గీత పెడతారు.

డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పుడు కాలేజీలో ఆటలు చూసే మా పీడీ సార్‌కు ఎక్కడినుంచో కాగితం వచ్చింది, ఈ ఆటకు అమ్మాయిల జట్టు పంపమని. మా రాష్ట్రంలో అప్పటికి ఆ ఆట ఆడేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. సార్ పరుగెత్తడం రాని నలుగురిని ఏరాడు, అందులో నేనొకదాన్ని. "నీకు ఉరుకుడు రాదు గని, నీ చెయ్యి మస్తు నిమ్మళంగ ఉంటది పిల్లా" అన్నాడు. చెయ్యి నిమ్మళంగా ఎందుకుండదు? సెలవులన్నీ అమ్మ పక్కన కూర్చుని పసుపు ఏరినదాన్ని.

మా అమ్మ పసుపు గోదాంలో కూలి. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అంకాపూర్ నుంచీ కమ్మర్‌పల్లి నుంచీ వచ్చిన పసుపు కుప్పల ముందు అమ్మ పొద్దంతా కూర్చుని పొడుగు కొమ్ము ఒక పక్కకు, గుండ్రటి మండ ఒక పక్కకు, పుచ్చుది ఇంకో పక్కకు వేస్తుంటుంది. కొందరు వ్యాపారులు డ్రమ్ములో పసుపు తిప్పేటప్పుడు రంగు పొడి చల్లి మెరిసేట్టు చేస్తారు. అమ్మ దగ్గర ఆ పప్పులేవీ ఉడకవు. ఒక కొమ్ము తీసుకుని టక్కున విరిచి లోపల చూస్తుంది. "పైరంగు" అని పక్కన పడేస్తుంది. సేటు కూడా ఆమె మాటకు ఎదురు చెప్పడు.

ఆ గోదాం వెనకాల పసుపు ఆరబోసే కల్లంలోనే నేను ఆట నేర్చుకున్నాను. పసుపు లేని నెలల్లో అది ఖాళీగా ఉండేది. వడ్రంగి చేసిచ్చిన చెక్క బంతులు, ఒక పక్క కొంచెం రుద్దినవి. ఎండలో చెయ్యి చెమటపట్టి బంతి జారేది. ఒకరోజు అమ్మ చూసి, కొంగుముడి విప్పి నా అరచేతిలో చిటికెడు పసుపు వేసింది. "గిది రుద్దుకో. చెమట పీల్చుకుంటది. మంచిది గూడ." నిజంగానే బంతి చేతికి అంటుకుని నిలిచింది. ఇక అప్పటినుంచీ ప్రతి పోటీకి అమ్మ తన చేత్తో దంచి జల్లించిన పసుపు చిన్న స్టీలు డబ్బీలో పోసి ఇచ్చేది.

మొదటి పోటీకి వెళ్తే నా డబ్బీ చూసి అందరూ నవ్వారు. అంపైర్ తీసుకుని వాసన చూశాడు. తప్పేం లేదు గానీ జాక్ తెల్లది, దానికి మరకలు అంటించొద్దు, దాన్ని ముట్టుకునే ముందు చెయ్యి తుడుచుకో అన్నాడు. ఆ మాట విని అమ్మ తన పాత చీర చింపి ఒక గుడ్డ కుట్టిచ్చింది. దాన్ని నడుముకు దోపుకునేదాన్ని. జాక్ నా చేతికొస్తే ముందు గుడ్డతో తుడుచుకునేదాన్ని, జాక్ దొర్లించేదాన్ని, ఆ తర్వాతే డబ్బీ తీసేదాన్ని. కొన్నేళ్ళకు నా ఈ తంతు అన్ని రాష్ట్రాల అంపైర్లకూ తెలిసిపోయింది.

ఆ మొదటి పోటీలోనే దీదీ పరిచయమైంది. నేను నా జీవితంలో మొదటిసారి అసలు బంతి పట్టుకుని, కంగారులో తిప్పి పట్టుకుని వదిలాను. అది వంగవలసిన పక్కకు కాకుండా అవతలి పక్కకు వంగి, పచ్చిక మీద పక్కనే వేరే పట్టీలో ఆడుతున్న వాళ్ళ బంతుల మధ్యకు వెళ్ళి కూర్చుంది. అందరూ పగలబడి నవ్వారు. నాకు భూమిలోకి కుంగిపోదామనిపించింది. అక్కడ ఆడుతున్నామె, అప్పటికే జాతీయ స్థాయిలో చాలాసార్లు ఫైనల్ దాకా వచ్చినామె, తన ఆట ఆపి నా బంతి పట్టుకొచ్చింది. "ఇటు చూడు బేటీ. రెండు పక్కలా బొమ్మలున్నాయి. చిన్న వలయం లోపలి పక్కకు ఉండాలి. నేను కూడా మొదటిరోజు ఇట్లాగే చేశాను" అంది. తర్వాత అడిగితే, తాను ఎప్పుడూ అట్లా చెయ్యలేదని నవ్వుతూ ఒప్పుకుంది.

ఆమెది వేరే రాష్ట్రం. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్. అందరూ దీదీ అనేవాళ్ళు, నేను కూడా అన్నాను. హిందీలోనే మాట్లాడుకునేవాళ్ళం. మా ఆర్మూర్ హిందీ విని తెగ నవ్వేది. ఎక్కడ శిక్షణ శిబిరం జరిగినా నన్ను వెంటేసుకుని పచ్చిక మీద తిరిగేది. తడి ఎక్కడుంది, వాలు ఎటుంది, గాలి ఎటు కొడుతోంది అన్నీ చూపించేది. మూడో ఏడాది తన పాత బంతుల సెట్టు నా ఒళ్ళో పెట్టింది. నల్లటి బంతులు, వాటి మీద చిన్న తామరపువ్వు గుర్తు. "నా వేళ్ళు లావెక్కాయి, ఇవి నాకు చిన్నవైపోయాయి. నీ చేతికి సరిపోతాయి. ఆడినన్నాళ్ళు ఆడు" అంది. ఆ బంతులతోనే నేను రాష్ట్రంలో గెలిచాను, దక్షిణాదిలో గెలిచాను. ఆ బంతులతోనే జాతీయ పోటీల ఫైనల్‌కు వచ్చాను. ఎదురుగా ఉన్నది దీదీయే.

ఫైనల్ రోజు పొద్దున ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉప్మా తిన్నాం. గెలిచినామెకు విదేశానికి వెళ్ళే జట్టులో చోటు ఖాయం. నాకైతే దానితోపాటు క్రీడల కోటాలో ఉద్యోగం కూడా వచ్చే అవకాశం ఉందని పీడీ సార్ ఫోన్ మీద ఫోన్ చేసి చెబుతున్నాడు. దీదీ ఉప్మాలో పల్లీలు ఏరి నా ప్లేటులో వేస్తూ అంది: "ఇదే నా ఆఖరిది. మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. ఎనిమిదేళ్ళ కింద పాస్‌పోర్ట్ చేయించాను. ఒక్క ముద్ర పడలేదు దాని మీద. మా హాస్టల్ పిల్లలు రోజూ తీసి చూసి పెడుతుంటారు." తర్వాత "నువ్వు మాత్రం నాకోసం తగ్గి ఆడావో, చెవులు మెలేస్తా" అంది. నేను తగ్గి ఆడలేదు. తగ్గి ఆడినా బాగుండేది.

స్కోరు ఇరవై ఇరవై దాకా వచ్చింది. ఆఖరి పాయింటు. ముందటి పాయింటు నాది కాబట్టి జాక్ నా చేతికొచ్చింది. చేతులకు చెమటలు కారుతున్నాయి. ఆ కంగారులో డబ్బీ ముందే తీశాను. చేతులకు పసుపు రుద్దుకున్నాను. అప్పుడు జాక్ తీసుకుని దొర్లించాను. నడుముకున్న గుడ్డ నడుముకే ఉంది. ఆ సంగతి నాకు అప్పుడు తోచలేదు. ఇది దేవుడి మీద ఒట్టేసి చెప్పగలను. ఒట్టు వేయగలిగేది ఈ ఒక్క మాటకే.

నా మొదటి మూడు బంతులు ఎక్కడెక్కడో ఆగాయి. దీదీ మూడో బంతి మెల్లగా వంగుతూ వచ్చి జాక్‌ను తాకి, దాన్ని గుంట అంచు దాకా నెట్టి, తాను రెండడుగుల ఇవతల నిలిచింది. అది చూడటానికి వెళ్ళిన దీదీ అక్కడే, జాక్ వెనకాల, పక్కకు నిలబడింది. ఇక నాకు ఒక్క బంతి మిగిలింది. గట్టిగా వదిలాను. వదిలి దాని వెంట ఉరికాను. ఉరుకుడు లేని ఆటలో ఉరికాను.

రెండడుగుల దూరం నుంచి చూశాను. నా బంతి జాక్ పక్కనుంచి వెళ్ళి, సరిగ్గా దాని వెనకాలే గుంటలో పడింది. రెంటికీ మధ్య పచ్చిక కనబడింది. సన్నగా, గోరంత, కానీ కనబడింది. జాక్ కదల్లేదు. తాకలేదు.

మార్కర్‌గా ఉన్నామె అవతలి పక్కన ఉంది. దీదీ బంతి అడ్డమొచ్చి తనకు సరిగ్గా కనిపించలేదంది. అంపైర్‌ను పిలిచారు. ఆయన వంగి జాక్‌ను చూశాడు. తెల్లటి జాక్ మీద, నా బంతి వెళ్ళిన పక్కనే, పసుపుపచ్చని మరక. గుంటలో ఉన్న నా బంతిని చూశాడు, దానికీ పసుపే. నన్ను చూసి నవ్వాడు. "ఈ అమ్మాయి చెయ్యి తుడుచుకోకుండా జాక్ ముట్టుకోదు. మరి ఈ మరక బంతి నుంచే అంటి ఉండాలి" అన్నాడు.

నాకు అప్పుడు తోచింది. నడుము తడుముకున్నాను. గుడ్డ మడత విప్పలేదు.

అంపైర్ ఇంకా తీర్పు ఇవ్వలేదు. అప్పుడు దీదీ నా వైపు తిరిగి అడిగింది. "నువ్వు దగ్గరున్నావు బేటీ. తాకిందా?"

మా ఆటలో అట్లా అడగడం ఆనవాయితీ. ఆటగత్తె మాట మీద నమ్మకముంచుతారు. దీదీయే నాకు మొదటి ఏడాది చెప్పింది, ఇక్కడ నీ మాటే నీ బంతికంటే ముందు చేరుతుందని. ఎంతసేపు పట్టిందో తెలియదు. ఉద్యోగం గుర్తొచ్చింది, గోదాంలో ముడుచుకుని కూర్చున్న అమ్మ నడుము గుర్తొచ్చింది. ఇవన్నీ తర్వాత నాకు నేను చెప్పుకున్న సాకులేమో కూడా. నోరు తెరిచి, "తాకింది" అన్నాను.

నా బంతి మీద సుద్దగీత పడింది. తన చేతిలో ఉన్న ఆటను దీదీ మళ్ళీ గెలవాల్సి వచ్చింది. వెనక్కి నడిచి వెళ్ళి ఆఖరి బంతి వేసింది. అది జాక్‌కు నా బంతికంటే జానెడు ఎక్కువ దూరంలోనే ఆగిపోయింది. ఆమె వచ్చి నన్ను కావలించుకుంది. గుంటలోంచి నా బంతిని, అంటే తన బంతినే, తీసి తన తువ్వాలుతో తుడిచి నా చేతిలో పెట్టింది. నేను ఏడ్చాను. సంతోషం పట్టలేక ఏడుస్తున్నాననుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ మరక సంగతి విలేఖరుల చెవిన పడింది. పసుపే సాక్ష్యం చెప్పి ఆర్మూర్ బిడ్డను గెలిపించిందని పేపర్లో వచ్చింది. నేను ఊళ్ళో దిగేసరికి పసుపు సీజను, వీధులన్నీ ఆ వాసనే. పెర్కిట్ దగ్గర బస్సు దింపి ఓపెన్ జీపు ఎక్కించారు. డప్పులు, దండలు. నా ఫ్లెక్సీ మీద పెద్ద మాల్స్‌లో బంతితో సీసాల్లాంటి వాటిని పడగొట్టే ఇంకేదో ఆట బొమ్మ వేశారు, దాన్ని చూసి నవ్వడానికి కూడా నాకు నోరు రాలేదు. మార్కెట్లో స్టేజీ వేసి, నా కాళ్ళ దగ్గర కొమ్ముల బస్తా పెట్టి, ఒక పెద్దమనిషి మైకందుకున్నాడు. "మన ఆర్మూర్ పసుపు అంటె ఏందనుకున్నరు? తెల్ల బంతి మీద గంత మరక పెట్టి, గిదిగో నా బిడ్డ బంతి తాకింది అని నిజం చెప్పింది! మన పసుపు అబద్ధం ఆడది!" చప్పట్లు, ఈలలు.

అమ్మ నా పక్కన కుర్చీలో కూర్చుంది. ఆమెకు పేపరు చదవడం రాదు. మరక సంగతి వినడం అదే మొదటిసారి. ఆమె మైకు వైపు చూడలేదు, నా మొహం వైపు చూడలేదు. ఒళ్ళో ఉన్న నా చేతుల వైపు చూసింది.

ఇంటికొచ్చాక, జనమంతా వెళ్ళిపోయాక, రెండే రెండు మాటలు అడిగింది.

"గా ఆఖరి ఆటల తెల్ల బంతిని దొర్లించింది ఎవలు?"

"నేనే."

"చెయ్యి తుడ్సుకున్నవా?"

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "ఆమెకు చెప్పు బిడ్డా" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు చేసినవాళ్ళకు వచ్చేంత కోపం ఇంకెవరికీ రాదు. "నీకేం తెలుసు ఆట సంగతి? నువ్వు చూసినవా? నీ కోసం గాదా నేను గింత చేసింది? పొద్దంతా గా దుమ్ముల కూసుంటవ్, గది పోవద్దా నీకు?" అని అరిచాను. పతకం తీసి మంచం మీదికి విసిరికొట్టాను. అమ్మ దాన్ని తీసి మేకుకు తగిలించింది. "నా కోసం అని అనకు" అంది, అంతే.

ఉద్యోగం వచ్చింది. నిజామాబాద్‌లో ఆఫీసు, రోజూ మాక్లూర్ మీదుగా బస్సులో వెళ్ళొస్తాను. మొదటి జీతం వచ్చిన రోజు, ఇక గోదాంకు పోవద్దు అమ్మా అన్నాను. "నా కైకిలి పని నాకున్నది" అని డబ్బా కట్టుకుని వెళ్ళిపోయింది. ఇప్పటికీ వెళ్తూనే ఉంది. విదేశానికి వెళ్ళాను, మూడు ఆటలు ఆడి మూడూ ఓడిపోయాను. ఆ ప్రయాణానికి పసుపు డబ్బీ ఇవ్వమని అమ్మను అడిగే మొహం నాకు లేకపోయింది. ఆమె తనంతట ఇవ్వలేదు. మరో రెండేళ్ళు ఆడి మానేశాను. దీదీ పండగలకు ఫోన్లో మెసేజ్ పెట్టేది. చేతులు జోడించిన బొమ్మ ఒకటి తిరిగి పంపి ఫోను బోర్లా పెట్టేదాన్ని.

అట్లాగే చచ్చేదాకా గడిచిపోయేదేమో. ఈ ఏడు సీజన్లో అమ్మ పనిచేసే గోదాం సేటు పసుపు పొడి పొట్లాలు కట్టి అమ్ముదామనుకున్నాడు. నన్ను పిలిచి ఫొటో అడిగాడు. దేనికో కూడా సరిగ్గా అడక్కుండా, మొహమాటానికి ఇచ్చాను. పది రోజుల తర్వాత అమ్మ పని నుంచి వచ్చి నా ముందు ఒక ఖాళీ పొట్లం పెట్టింది. దాని మీద నా మొహం, పక్కన మరక పడ్డ తెల్ల బంతి బొమ్మ. కింద పెద్ద అక్షరాలతో "అబద్ధమాడని పసుపు".

"గీ పొట్లం మీద ఏం రాసున్నదో నాకు పక్కపొంటి ఆమె సదివి చెప్పింది" అంది అమ్మ. "రేపటి సంది గీ పొట్లాలు నేనే నింపాల్నట. నేను నింప. సేటుకు గూడ చెప్పిన. పని బందైతె కానీ."

ముప్పై ఏళ్ళుగా వెళ్తున్న గోదాం అది. నా ఉద్యోగం వచ్చినప్పుడు కూడా వదలని పని. నా అబద్ధం పొట్లంలో నింపనని ఇప్పుడు వదిలేస్తానంటోంది. మర్నాడు పొద్దున్నే సేటు దగ్గరికి వెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "గా సంగతి ఎవలికి ఎర్క లేదు గదమ్మా. ఎందుకు ఫికర్ చేస్తున్నవ్? ఊకో." నేను ఊకోలేదు. నా ఫొటో తీసేయకపోతే గోదాం గేటు ముందే నిలబడి అందరికీ చెబుతానన్నాను. గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు, అమ్మ పని పోలేదు. ఆ వారమే సెలవు పెట్టి, దీదీ బంతులు నాలుగూ అమ్మ కుట్టిన గుడ్డలోనే చుట్టుకుని రైలెక్కాను.

దీదీకి జుట్టంతా తెల్లబడింది. కర్ర పట్టుకుని నడుస్తోంది. హాస్టల్ వరండాలో కుర్చీ వేసి, చాయ్ పెట్టించి, మా అమ్మ ఎట్లా ఉందని అడిగింది. నా హిందీ ఇంకా అట్లాగే ఉందని నవ్వింది. రైల్లో రెండు రోజులు కూడగట్టుకున్న మాటలన్నీ పోయాయి. గుడ్డ విప్పి బంతులు ఆమె ముందు పెట్టి, "దీదీ, ఆ రోజు తాకలేదు" అన్నాను.

ఆమె చాయ్ కప్పు కింద పెట్టింది.

"తెలుసు" అంది. "నేను జాక్ వెనకాలే నిలబడ్డాను కదా. నీకంటే బాగా కనబడింది."

కుర్చీలో ముందుకు జరిగాను. "మరి అంపైర్‌కు ఎందుకు చెప్పలేదు?"

"ఓడిపోయేదాని మాట ఎవరు వింటారు? పైగా మరక ఉంది." కర్ర గోడకు ఆనించింది. "అందుకే నిన్ను అడిగాను. నువ్వు చెబుతావనుకున్నాను."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది, తిడితే బాగుండేది. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తుంటే తల మీద చెయ్యి వేసింది. ఆట నడిపే సంఘానికి ఉత్తరం రాస్తానన్నాను. "రాయి. కానీ నాకోసమని రాయకు" అంది. అచ్చం అమ్మ అన్నట్టే అంది. పాస్‌పోర్ట్ సంగతి అడిగే ధైర్యం నాకు లేదు. ఆమే చెప్పింది, గడువు అయిపోయిందట, మళ్ళీ చేయించలేదట. బంతులు మాత్రం తీసుకుంది. ఒక్కొక్కటీ వెలుతురులో తిప్పి చూసింది. పువ్వు గుర్తు గీతల్లో ఇంకా పసుపు ఉంది, ఎంత కడిగినా పోలేదు. "పిల్లలకు నేర్పుతాను" అని లోపలికి తీసుకెళ్ళి పెట్టింది.

సంఘానికి ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. ఆఫీసులో పైఅధికారికి కూడా రాసిచ్చాను. ఏం చేస్తారో వాళ్ళ ఇష్టం. ఊళ్ళో ఇది చదివినవాళ్ళు నన్ను ఏమన్నా పడతాను. ఆ మరక ఆర్మూర్ పసుపు చెప్పిన సాక్ష్యం కాదు. తుడుచుకోని నా వేళ్ళ గుర్తు అది.

దీదీ దగ్గరినుంచి తిరిగొచ్చిన రోజు, బస్సు దిగి ఇంటికి కాకుండా నేరుగా గోదాంకు వెళ్ళాను. మధ్యాహ్నం వేళ. అమ్మ కుప్ప ముందు కూర్చుని ఏరుతోంది. సంచీ పక్కన పెట్టి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"చెప్పినవా?"

"చెప్పిన."

"ఏమన్నది?"

"ఆమెకు గప్పుడే తెలుసట అమ్మా. కండ్లార చూసిందట."

అమ్మ చేతులు ఆగిపోయాయి. "చూసి గూడ నిన్ను అడిగిందా?"

"అడిగింది."

చేతిలో ఉన్న కొమ్మును విరవనూ లేదు, పక్కన వేయనూ లేదు. "అంటె గామె నీకు తొవ్వ ఇచ్చింది బిడ్డా" అంది చివరికి. "ఆట పోతదని తెలిసి గూడ ఇచ్చింది. నువ్వు గా తొవ్వన పోలే."

నేను తల దించుకున్నాను. ఏం చేయాలో తెలియక కుప్పలోంచి కొమ్ములు తీసి ఏరడం మొదలుపెట్టాను. అమ్మ వద్దనలేదు. ఇద్దరం ఆ కుప్ప సగమయ్యేదాకా ఏరాం. అప్పుడు లేచి, చీర దులుపుకుని, డబ్బా మూత తీస్తూ అంది:

"చేతులు కడుక్కొని రాపో. తిందాం."

కుళాయి దగ్గర చాలాసేపు కడుక్కున్నాను.